తమ్ముడు పంపిన సఫారీ ప్యాకేజీ

మా పిన్ని కొడుకు పోయిన నెల వాట్సాప్‌లో ఒక ప్యాకేజీ కాగితం పంపాడు. పైన సింహం తల, కింద పెద్ద అక్షరాల్లో "కెన్యా, టాంజానియా: 8 రోజులు, 6 పార్కులు". విమానం టికెట్లతో కలిపి మనిషికి రెండు లక్షల ఎనభై అయిదు వేలు. "అక్కా, నువ్వు రెండుసార్లు ఆఫ్రికా వెళ్ళొచ్చావు కదా, ఇది చవకేనా? ఎల్లుండిలోగా అడ్వాన్సు కట్టమంటున్నారు" అని అడిగాడు.

"ఇప్పుడే కట్టకు, ఆగు" అని మాత్రం అన్నాను. ఫోన్లో విడమరిచి చెప్పడం నా వల్ల కాలేదు. చెప్పాలంటే నా రెండు ప్రయాణాల గురించీ చెప్పాలి. మొదటిదాని గురించి ఇంట్లోవాళ్ళకు కూడా నేను పూర్తిగా చెప్పుకోలేదు. వాడికి రాద్దామని మొదలుపెట్టిన ఉత్తరమే పెరిగి ఇలా అయింది.

నేననేది ఇది. సఫారీలో డబ్బు తినేసేది తిరుగుడు. మనలాంటి మధ్యతరగతి వాళ్ళు ఖర్చు తగ్గించుకోవాలంటే పార్కుల సంఖ్య తగ్గించుకోవాలి, కిలోమీటర్లు తగ్గించుకోవాలి. అడవిలో గడిపే రోజులు తగ్గించుకోకూడదు. మనల్ని తిప్పే మనిషి కూలి అసలే తగ్గించకూడదు. చవక ప్యాకేజీలు చాలావరకు దీనికి తలకిందులుగా చేస్తాయి.

నోటు పుస్తకంలో లెక్క

2019 ఆగస్టులో నేనూ మా ఆయనా కెన్యా వెళ్ళాం. పాపకప్పుడు అయిదేళ్ళు, అమ్మ దగ్గర వదిలాం. పదిమందిమి ఒక గ్రూపుగా, అచ్చం తమ్ముడు పంపినలాంటి కాగితం చూసి చేరాం. ఆరు రోజుల్లో నాలుగు చోట్లు: అంబోసెలీ, నకూరు, నైవాషా, మసాయి మారా. ఒక్క పూట కూడా ఖాళీ లేదని అప్పుడు మాకు ఎంత సంతోషమో.

ప్రయాణాల్లో టైము రాసుకోవడం నాకు అలవాటు. భూమధ్యరేఖ దగ్గర పగలు ఏడాది పొడుగునా దాదాపు పన్నెండు గంటలు. ఆరు రోజులంటే డెబ్భై రెండు గంటల వెలుతురు. ఇంటికొచ్చాక నోటు పుస్తకం ముందేసుకుని కూడితే, అందులో ఇరవై ఏడు గంటలు రోడ్డు మీదే పోయాయి. పార్కుల గేట్ల లోపల ఉన్నది ఇరవై ఒక్క గంట. మిగతాది భోజనాలు, గేట్ల దగ్గర రసీదులు, లాడ్జీలో గది తాళాల కోసం నిలబడటం. అంబోసెలీ నుంచి నకూరు చేరడానికే ఒక రోజు తొమ్మిది గంటలు పట్టింది. ఆ రోజు మొత్తం మీద ఒక్క అడవి జంతువును కూడా చూడలేదు.

ఇది సరదా పోవడం ఒక్కటే కాదు, డబ్బు పోవడం కూడా. సఫారీ ఖర్చు ఎలా తయారవుతుందో ఒకసారి చూడండి. బండి, డ్రైవరు, డీజిలు రోజు లెక్కన. పార్కు ఫీజు మనిషికి రోజుకింత. పడక రాత్రికింత. జంతువు కనబడినా కనబడకపోయినా ఈ మూడూ తిరుగుతూనే ఉంటాయి. మసాయి మారాలో 2024 నుంచి విదేశీ పెద్దవాళ్ళకు ఫీజు జనవరి నుంచి జూన్ దాకా రోజుకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు దాకా 200 డాలర్లు. టికెట్టు పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకే. ఇప్పుడు ప్యాకేజీలో "మధ్యాహ్నానికి మారా చేరిక, సాయంత్రం గేమ్ డ్రైవ్" అనే వాక్యాన్ని మళ్ళీ చదవండి (గేమ్ డ్రైవ్ అంటే జంతువుల్ని చూడటానికి బండిలో తిరగడం). నాలుగింటికి గేటు దగ్గరికి చేరితే ఆ రెండు గంటల కోసం మనిషికి పదిహేడు వేల రూపాయలు. ఆరు పార్కులంటే ఇలాంటి చేరికలు ఆరు, బయల్దేరడాలు ఆరు. అన్నీ సగం సగం రోజులే.

తమ్ముడి కాగితంలో ఇంకో మాట ఉంది: "మారా నుంచి సెరెంగెటీకి రోడ్డు ప్రయాణం". మ్యాపులో చూస్తే కెన్యాలోని మారా, టాంజానియాలోని సెరెంగెటీ రెండూ ఒకే పచ్చిక మైదానం, మధ్యలో సరిహద్దు గీత. వైల్డబీస్టులు, అంటే ఎద్దుల్లా కనబడే జింకజాతి జంతువులు, ఆ గీతను ఏటా మందలుగా దాటుతూనే ఉంటాయి. మనుషులకు మాత్రం ఆ దారి లేదు. రెండు పార్కుల మధ్య సరిహద్దు 1977 నుంచి పర్యాటకులకు మూసే ఉంది. ఇసెబానియా అనే సరిహద్దు ఊరి మీదుగా చుట్టు తిరిగి, సరిహద్దు దగ్గర బండి మారి, మళ్ళీ లోపలికి రావాలి. పొద్దున బయల్దేరితే ఆ రోజు దానికే సరి. ప్యాకేజీ వాళ్ళు దాన్ని కూడా సఫారీ రోజుల్లోనే కలిపి ఎనిమిది అన్నారు.

మారాలో ఒక సాయంత్రం మా వ్యాను రేడియోలో "చుయి, చుయి" అని వినబడింది. స్వాహిలీలో చిరుతపులి. చుట్టుపక్కల ఉన్న వ్యాన్లన్నీ దుమ్ము లేపుకుంటూ అటే పరుగు. ఒక జంతువు దగ్గర అయిదు బళ్ళకు మించి ఉండకూడదని అక్కడ నియమం ఉంది. నేను లెక్కపెట్టినప్పుడు ఇరవై మూడున్నాయి. ముందు వ్యాను పైకెత్తిన కప్పుకీ దాని అద్దానికీ మధ్య సందులోంచి, కొమ్మ మీద నుంచి వేలాడుతున్న తోక ఒక్కటి కనబడింది. నాలుగు నిమిషాలైందో లేదో, "పదండి, గేటు మూసేలోపు సింహం కూడా చూడాలి" అన్నారు మా గ్రూపులో ఒకాయన. ఆయన్ని నేను తప్పుపట్టను. ఆయన చేతిలో ఉన్నది మా అందరి చేతుల్లోనూ ఉన్న లిస్టే. రేపు మధ్యాహ్నానికి నైరోబీలో ఉండాల్సిన వాళ్ళం ఒక తోక దగ్గర ఎంతసేపని కూర్చుంటాం?

డ్రైవరు ఎక్కడ పడుకున్నాడు

ఇది రాయడం కష్టంగానే ఉంది. అయిదో రాత్రి ఛార్జరు మర్చిపోయానని వ్యాను దగ్గరికి వెళ్ళాను. డ్రైవరు లోపల వెనక సీటులో దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు. ఉలిక్కిపడి లేచి క్షమించమన్నాడు. లాడ్జీల్లో డ్రైవర్లకు వేరే గదులుంటాయని నేను అనుకున్నాను. ఉంటాయట, కానీ వాటికి కంపెనీ డబ్బు కట్టాలి. ఈ ట్రిప్పుకు కట్టలేదు. ఆ రోజు ఆయన పొద్దున ఆరింటి నుంచి స్టీరింగ్ వదల్లేదు.

మా కాగితంలో "డ్రైవరు టిప్పులతో సహా" అని స్పష్టంగా ఉంది. అందుకని ఎవరం విడిగా ఏమీ ఇవ్వలేదు. మాటల్లో అడిగితే, మొదట తల అడ్డంగా ఊపి ఊరుకున్నాడు. తర్వాత చెప్పాడు, తనకు అలాంటిదేమీ రాలేదని. కెన్యాలో సఫారీ డ్రైవర్లలో చాలామందికి జీతం కన్నా టిప్పే ఆధారం. వైల్డబీస్టులు మారాలో ఉండే జూలై నుంచి అక్టోబరు దాకా సంపాదించుకున్నదే ఏడాదంతా సర్దుకోవాలి. మర్నాడు పొద్దున గ్రూపులో ఈ సంగతి చెప్పాను. ఆరుగురు ఇచ్చారు. ఇద్దరు "ఒకసారి కట్టాం కదమ్మా, రెండోసారి ఎందుకు" అన్నారు. ఇంకో ఇద్దరు ఏమీ అనలేదు, ఏమీ ఇవ్వలేదు. తిరిగొచ్చాక టూరు కంపెనీకి రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు.

నన్ను తొలిచింది కంపెనీ ఒక్కటే కాదు. అంతకు ముందు రోజే "ఇంకో పదిహేను కిలోమీటర్లు పోతే హిప్పోలు కనబడతాయట, తీసుకెళ్ళండి" అని ఆయన్ని అడిగింది నేనే. మాకు మిగిలిన డబ్బు ఎక్కడి నుంచి మిగిలిందో ఆ రాత్రి వ్యాను తలుపు తీసినప్పుడు తెలిసింది. పార్కు ఫీజును ఎవరూ తగ్గించలేరు, అది ప్రభుత్వానిది. డీజిలు ధర తగ్గదు. ఆరు పార్కులు పెట్టి కూడా రేటు తగ్గించాలంటే కోయడానికి మిగిలేది మనిషే. అతని నిద్ర, అతని తిండి, అతని టిప్పు.

అందుకే ఇప్పుడు ఎవరు సఫారీ ప్యాకేజీ చూపించినా నేను మొదట అడిగేది, డ్రైవరు ఎక్కడ పడుకుంటాడు అని. నిజాయితీగా నడిపేవాళ్ళు వెంటనే చెప్తారు.

మన కారు, మన వంట

రెండోసారి 2024 జూన్‌లో దక్షిణాఫ్రికాలోని క్రూగర్‌కు వెళ్ళాం. ఈసారి పదేళ్ళ పాప కూడా ఉంది. గ్రూపు లేదు, ప్యాకేజీ లేదు. జొహానెస్‌బర్గ్‌లో కారు అద్దెకు తీసుకుని ఏడు రాత్రులూ ఆ ఒక్క పార్కులోనే గడిపాం. నాలుగు రాత్రులు లోయర్ సాబీ క్యాంపులో, మూడు సతారా క్యాంపులో. రెంటి మధ్య దూరం వంద కిలోమీటర్ల లోపే.

క్రూగర్‌ను 1926లో జాతీయ పార్కుగా ప్రకటించారు. మన పాత కర్నూలు జిల్లా కన్నా పెద్దది. అందులో మామూలు కారులో మనమే తిరగొచ్చు. ముఖ్యమైన దారులన్నీ తారురోడ్లు, వేగం 50 దాటకూడదు, మట్టిరోడ్ల మీద 40. అక్కడ కూడా మనలాగే ఎడమ పక్కనే నడపాలి కాబట్టి మా ఆయన మొదటి గంటలోనే కుదురుకున్నారు. ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్సు సరిపోయింది. కారు కంపెనీ వాళ్ళు క్రెడిట్ కార్డు మీద డిపాజిట్ బ్లాక్ చేస్తారు, దానికి లిమిట్ ఉండేలా చూసుకోవాలి.

క్యాంపులు ప్రభుత్వ జాతీయ పార్కుల సంస్థవి. కంచె లోపల చిన్న చిన్న గుండ్రటి ఇళ్ళు, ఫ్రిజ్, గిన్నెలు, పొయ్యి, స్నానాల గది. బాత్‌రూమూ వంటగదీ అందరికీ కలిపి ఉండే గుడిసెలు ఇంకా చవక. ఎంబొంబేలా ఊళ్ళో సూపర్ మార్కెట్లో బియ్యం, పప్పు, టమాటాలు, పెరుగు కొనుక్కున్నాం. ఇంటి నుంచి కందిపొడి తీసుకెళ్ళాం. రాత్రి పూట కంచె అవతల హయినా అరుస్తుంటే ఇవతల టమాటా పప్పు తాలింపు వేసుకున్నాం. శాకాహారం దొరుకుతుందా అనే భయంతో ఆఫ్రికా మానుకున్నవాళ్ళు మా కాలేజీలోనే ముగ్గురున్నారు. వాళ్ళకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాను.

ఖర్చు సంగతి. అప్పట్లో విదేశీ పెద్దవాళ్ళకు పార్కు ఫీజు రోజుకు 535 రాండ్లు, మన డబ్బులో రెండున్నర వేల లోపు. పదేళ్ళ పిల్లలకు సగం. పడక, కారు, పెట్రోలు, ఫీజులు, తిండి, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ జొహానెస్‌బర్గ్‌లో రెండు రాత్రులు, అన్నీ కలిపి ముగ్గురికీ లక్షా ఎనభై వేల దాకా అయింది. విమానం టికెట్లు దానికన్నా కాస్త ఎక్కువే. వీసా, ఇన్సూరెన్సు కలుపుకుంటే మొత్తం నాలుగు లక్షల లోపు. తమ్ముడి కాగితం ప్రకారం వాడు, వాడి భార్య ఇద్దరు వెళ్తేనే అయిదు లక్షల డెబ్భై వేలు.

బుకింగ్ గురించి ఒక్క మాట. ముందు పడకలు, తర్వాతే టికెట్లు. క్రూగర్ క్యాంపులు దాదాపు ఏడాది ముందు నుంచే బుక్ చేసుకోవచ్చు, అక్కడి బడి సెలవుల్లో అసలు దొరకవు. ఆ ఏడాది జూన్ మధ్యలో వాళ్ళ సెలవులు మొదలయ్యాయి కాబట్టి మేము నెల మొదట్లోనే వెళ్ళాం. పాప బడి తెరిచిన మొదటి వారం పోయింది, పోనిచ్చాం. అది అక్కడ చలికాలం, వానలుండవు. గడ్డి ఎండి పొట్టిగా ఉంటుంది, జంతువులు నీటి దగ్గరికి చేరతాయి. దోమలు కూడా తక్కువ. అయినా అది మలేరియా ప్రాంతమే, బయల్దేరే ముందు డాక్టరును అడిగి మాత్రలు వాడాలి. పిల్లలతో వెళ్ళేవాళ్ళు తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్న జనన ధ్రువపత్రం దగ్గర పెట్టుకోవాలి.

బువ్వ పెట్టిన పెద్దావిడ

మొదటి రెండు రోజులూ మేము కెన్యాలో నేర్చుకున్న పద్ధతిలోనే తిరిగాం. క్యాంపు ఆఫీసు ముందు ఒక మ్యాపు బోర్డు ఉంటుంది, ఎవరెవరు ఎక్కడ ఏం చూశారో రంగు బిళ్ళలు పెడతారు. సింహం బిళ్ళ ఎక్కడుంటే అక్కడికి పరుగెత్తాం. మేము చేరేసరికి అది వెళ్ళిపోయేది. రెండో రోజు రాత్రి పాప, "అమ్మా, మనం కార్లో కూర్చోవడానికి వచ్చామా?" అని అడిగింది.

ఆ రాత్రి పక్క గుడిసె ముందు ఒక పెద్ద కుటుంబం నిప్పులు రాజేసుకుని కూర్చుంది. డర్బన్ వాళ్ళు, ఇంటిపేరు నాయిడూ. 1860లో మద్రాసు నుంచి వెళ్ళిన మొదటి ఓడతో మొదలై, నాటల్ చెరుకు తోటల్లో పని చేయడానికి తరలిపోయిన కూలీల సంతతి. మనకు నాయుడు, వాళ్ళకు నాయిడూ. ఇంగ్లీషు తప్ప ఇంకో భాష రాదు వాళ్ళకు. మేము తెలుగువాళ్ళమని తెలిశాక, వాళ్ళలో పెద్దావిడ, డెబ్భై ఐదు పైనే ఉంటాయి, మా పాపను దగ్గరికి పిలిచి, "రా, బువ్వ" అంది. ఆమె నాయనమ్మ అనేదట. ఆ రెండు మాటలే మిగిలాయి ఆమెకు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

వాళ్ళు ప్రతి చలికాలం వస్తారు. ఆవిడ కొడుకు మా తిరుగుడు విని చెప్పాడు: బోర్డు చూడటం మానేయండి. రోజుకు ఒక దారి, ఒక నీటి మడుగు. ఇంజన్ ఆపి గంటసేపు కదలకండి. ఏమీ రాకపోతే ఇంకో గంట.

మర్నాడు పొద్దున క్యాంపుకు కిలోమీటరు దూరంలో ఉన్న సన్‌సెట్ డ్యామ్ దగ్గర కారు ఆపాం. రోడ్డు పక్కనే ఉన్న చిన్న చెరువు అది, అంతకు ముందు రెండు రోజులూ చూసీ చూడకుండా దాటిపోయాం. మొదటి పావుగంట నీళ్ళ మీద పొగమంచు తప్ప ఏమీ లేదు. తర్వాత ఒక బండరాయి ఊపిరి వదిలింది. హిప్పో. దాని వీపు మీద అయిదు తాబేళ్ళు ఒకదాని పక్కన ఒకటి ఎండ కోసం మెడలు చాపుకుని కూర్చున్నాయి. హిప్పో కాస్త మునిగినప్పుడల్లా చివరిది జారి నీళ్ళల్లో పడి, మళ్ళీ ఈదుకుంటూ వచ్చి ఎక్కేది. పాప ఆ ఒక్క తాబేలుకు పేరు పెట్టుకుని, అది ఎన్నిసార్లు ఎక్కిందో లెక్కపెట్టింది. పదకొండు. ఇంతలో ఇంపాలా జింకల మంద నీళ్ళకు వచ్చింది. ముందున్నది వంగి, మూతి నీటికి బెత్తెడు దూరంలో ఆపేసింది. దాని ముందు ఒడ్డున ఉన్న దుంగ దుంగ కాదు. ఇంపాలా ముందు కాలు సన్నగా వణకడం మాకు అద్దంలోంచి కనబడుతోంది. అది తాగలేదు. మంద మొత్తం వెనక్కి తిరిగి పది గజాల అవతల తాగింది. రెండు గంటలు ఎలా గడిచాయో తెలియదు. పెట్రోలు ఖర్చు శూన్యం.

తిరిగొచ్చే దారిలో ముళ్ళచెట్టు మీద ఒక పిట్టను చూసి పాప "పాలపిట్ట!" అని అరిచింది. మన పాలపిట్టకు దగ్గరి చుట్టమే. రెక్కల్లో అదే నీలం, రొమ్ము మాత్రం లేత ఊదా. దసరా నాడు దాన్ని చూడటానికి మా మామయ్య పొలాల వెంట మమ్మల్ని తిప్పేవాడు. ఈ పిట్ట మారాలో కూడా ఉంటుంది. అక్కడ నేను చూసే ఉంటాను, ఎనభై కిలోమీటర్ల వేగంలో.

నాకున్న అనుమానాలు

ఇంత చెప్పినా, నా వాదనలో నాకే నమ్మకం చాలని చోట్లున్నాయి.

గైడు లేకపోతే సగం కనబడదు. ఇది నిజం. సతారా దగ్గర ఎస్ హండ్రెడ్ అనే మట్టిదారి సింహాలకు పేరు పడింది. దాని మీద మేము అరగంట నిలబడి, ఏమీ లేదని కదిలాం. ఆ సాయంత్రమే పార్కు వాళ్ళ బండిలో గైడుతో వెళ్తే, అదే చోటికి కాస్త ఇవతల గడ్డిలో మూడు ఆడసింహాలను చూపించింది. ఒక చెవి కదిలితే ఆమెకు తెలిసింది. గడ్డి రంగులో ఉన్న సింహాన్ని వెతకొద్దు, గడ్డిలో అడ్డంగా ఉన్న గీతను వెతకండి అని చెప్పింది. ఆ తర్వాతి రెండు రోజులూ మా కళ్ళు వేరు. కాబట్టి సొంతంగా తిరిగినా ఒకటి రెండు పూటలు గైడుతో వెళ్ళాల్సిందే. క్రూగర్‌లో అది మరీ ఖరీదు కాదు, మిగిలిన డబ్బులో ఇది పెట్టడం న్యాయం కూడా.

ఇంకో అనుమానం, ఇది అసలైన ఆఫ్రికా కాదేమోనని. తారురోడ్లు, పెట్రోలు బంకు, క్యాంపులో ఐస్‌క్రీము. మారాలో ఆకాశం దాకా గడ్డి, ఒక్క చెట్టు. ఆ విశాలం క్రూగర్‌లో లేదు. పది లక్షలకు పైగా వైల్డబీస్టులు నడిచే దృశ్యానికి సాటి ఏ క్యాంపులోనూ ఉండదు. ఆ కల ఉన్నవాళ్ళను "క్రూగర్ చవక, అక్కడికే పొండి" అని నేను అనలేను. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. మారా ఒక్కటే పెట్టుకోండి, కనీసం నాలుగు రాత్రులు. వైల్డబీస్టులు మారా నదిని దాటే దృశ్యమే కావాలని పట్టు లేకపోతే జనవరి, ఫిబ్రవరుల్లో వెళ్తే ఫీజు సగం, వానలూ బళ్ళూ తక్కువ. సింహాలు, చీతాలు, ఏనుగులు ఎక్కడికీ పోవు. సెరెంగెటీ దక్షిణాన ఎన్‌డూటూ చుట్టుపక్కల వైల్డబీస్టులు ఈనేదీ ఆ నెలల్లోనే, కానీ దానికి టాంజానియా వేరే ప్రయాణంగా పెట్టుకోవాలి. ఎన్‌గొరొంగొరో లోయలోకి దిగే ప్రతి బండికీ 295 డాలర్ల ఫీజు ఉంది. ఇద్దరే వెళ్తే భారం, ఆరుగురు పంచుకుంటే తేలిక. కలిసి వెళ్ళడం అనేది పనికొచ్చేది ఇలాంటి చోటే.

అన్నిటికన్నా నన్ను ఇబ్బంది పెట్టే అనుమానం వేరు. మనం చవకగా చూస్తే అక్కడివాళ్ళకు ఏం మిగులుతుంది? విదేశీయులకు ఎక్కువ రేటు అన్యాయం అని గొణిగేవాళ్ళను చాలామందిని చూశాను. గోల్కొండ కోటలో మనకొక రేటు, విదేశీయులకు దానికి పది రెట్ల పైన. అది మనకు అన్యాయంగా ఎప్పుడూ అనిపించలేదు. మారా పక్కన నబోయిషో, ఒలారె మొటొరొగి లాంటి కన్సర్వెన్సీలు, అంటే జంతువుల కోసం వదిలిన నేలలు, మసాయి తెగవాళ్ళ సొంత భూములు. అక్కడ క్యాంపులు నడిపేవాళ్ళు భూమి ఉన్న కుటుంబాలకు అద్దె కడతారు. ఆ అద్దె వస్తున్నంత కాలం ఆ నేల మీద కంచెలు పడవు. అక్కడ రేటు ఎక్కువ, కానీ ఆ ఎక్కువకు కారణం ఉంది. క్రూగర్‌కూ చరిత్ర ఉంది. ఉత్తర కొసన ఉన్న మకులేకె ప్రజలను 1969లో బలవంతంగా ఖాళీ చేయించి ఆ నేలను పార్కులో కలిపారు. 1998లో వాళ్ళ హక్కును ఒప్పుకుని భూమి తిరిగి ఇచ్చారు. సొంత కారు, సొంత వంటతో తిరిగే మాలాంటివాళ్ళ డబ్బు ఎక్కువగా పార్కు ఖజానాకే పోతుంది, గేటు బయట ఊళ్ళకు పోయేది తక్కువ. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. కూరగాయలు, పళ్ళు గేటు బయట అమ్మేవాళ్ళ దగ్గర కొన్నాం, గైడుకు చేతిలోనే టిప్పు ఇచ్చాం. అది చాలదని తెలుసు.

"నాలుగు లక్షలు పెట్టి అంత దూరం ఎందుకు, మన నల్లమల లేదా?" అని మా మామగారు అడిగారు. ఉంది. వెళ్ళాం, మళ్ళీ వెళ్తాం. అది ఇది రెండూ కావాలనిపించింది, అంతే చెప్పగలిగాను.

గేటు మూసే వేళ

సొంతంగా తిరగడంలో భయం కూడా చెప్పాలి. క్యాంపు గేట్లు జూన్‌లో పొద్దున ఆరింటికి తీసి సాయంత్రం అయిదున్నరకు మూస్తారు. ఆలస్యమైతే జరిమానా. నాలుగో రోజు స్కుకూజా క్యాంపు నుంచి సాబీ నది ఒడ్డున లోయర్ సాబీకి వస్తున్నాం. క్యాంపు ఇంకా ఆరు కిలోమీటర్లుందనగా, అయిదు అయిదుకు, రోడ్డు మీదికి ఏనుగులు వచ్చాయి.

మొదట ఒక పెద్ద ఆడ ఏనుగు వచ్చి రోడ్డు మధ్యలో నిలబడి మా వైపు తిరిగింది. చెవులు విప్పింది. మా ఆయన ఇంజన్ ఆపారు. దాని వెనక నుంచి మంద దాటడం మొదలైంది. ఇరవై దాకా ఉంటాయి. అంత పెద్ద కాళ్ళు తారు మీద పడుతున్నా చప్పుడు లేదు. వినబడింది వాటి చర్మం ఒకదానికొకటి రాసుకుంటున్న గరగర ఒక్కటే. చెరువు గట్టు బురద వాసన కారులోకి వచ్చింది. చివర్లో గున్న ఏనుగు ఒకటి, తొండం ఎలా వాడాలో ఇంకా తెలియక దాన్ని అటూ ఇటూ ఊపుతూ, రోడ్డు మధ్యలో పడి ఉన్న కొమ్మ దగ్గర ఆగిపోయింది. పెద్దది వెనక్కి వచ్చి కాలితో మెల్లగా తోసింది. అయిదు పదిహేను. నాకు ఒక పక్క గేటు టెన్షన్, ఇంకో పక్క ఇది అయిపోకూడదని ఆశ. పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపిరి బిగబట్టి ఉంది. ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ తల్లి ఏనుగు చివరిసారి మా వైపు చూసి నది వైపు దిగిపోయింది. అయిదు ఇరవై ఎనిమిదికి గేటు దాటాం.

కెన్యాలో మాకూ ఏనుగులు కనబడ్డాయి, అంబోసెలీలో, కిలిమంజారో కొండ ముందు, వందకు పైనే. నోటు పుస్తకంలో వాటి గురించి ఉన్నది ఒక్క వాక్యం: "ఏనుగులు చాలా. 10 ని."

జొహానెస్‌బర్గ్ రోడ్ల గురించి కూడా ఒక హెచ్చరిక. పార్కుకు అక్కడి నుంచి నాలుగైదు వందల కిలోమీటర్లు. చీకటి పడ్డాక ఆ దారిలో బండి నడపకండి. విమానం మధ్యాహ్నం దిగితే ఆ రాత్రి ఊళ్ళోనే ఉండి తెల్లవారి బయల్దేరండి. ఆ ఒక్క రాత్రి అద్దె మిగుల్చుకోవాలని చూడొద్దు.

తమ్ముడి కాగితం

నిన్న తమ్ముడు ఇంటికొచ్చాడు. కాగితం బల్ల మీద పరిచి, నైరోబీ నుంచి ఒక్కో పార్కుకు ఎన్ని గంటలో పక్కన రాశాం. ఎనిమిది రోజుల్లో ముప్ఫై నాలుగు గంటలు వచ్చింది. వాడు చాలాసేపు దాన్నే చూశాడు. వాడికి వైల్డబీస్టులే కావాలి, చిన్నప్పటి నుంచి టీవీలో చూసిన ఆ నది. క్రూగర్ మాట వినలేదు, నేను బలవంతం చేయలేదు. నలుగురు స్నేహితులు కలిసి మారాలోనే అయిదు రాత్రులు ఉండేలా, ఒకే బండి, ఒకే డ్రైవరు, మారా సెకెనానీ గేటు బయట మామూలు టెంట్ల క్యాంపు. సెప్టెంబరులో.

ఎల్లో ఫీవర్ టీకా సంగతి ఆ కాగితంలో ఎక్కడా లేదు. కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో ఆ కార్డు అడుగుతారు, లేకపోతే క్వారంటైన్. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాదు నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో మేము వేయించుకున్నాం, ముందే కనుక్కుని వెళ్ళమని చెప్పాను. కెన్యాకు ఇప్పుడు వీసా లేదు, 2024 జనవరి నుంచి ఆన్‌లైన్లో ఈటీఏ అనే ముందస్తు ప్రయాణ అనుమతి తీసుకోవాలి. అది కూడా వాడికి తెలియదు.

వెళ్ళే ముందు నా ఎదురుగానే టూరు కంపెనీకి ఫోన్ చేశాడు. కొత్త ప్లాను చెప్పి రేటు అడిగాడు. తర్వాత, "మా డ్రైవరుకు గది, భోజనం మీరే ఇస్తారా? ఎక్కడ పడుకుంటాడు?" అని అడిగాడు. అవతలివైపు కాసేపు ఏమీ వినబడలేదు. కనుక్కుని చెప్తామన్నారు. ఈ పొద్దున తమ్ముడు మెసేజ్ పెట్టాడు: రేటు వచ్చింది, దానికి మాత్రం జవాబు ఇంకా రాలేదు, అందాకా అడ్వాన్సు కట్టను.